3,000 నుంచి 480 దాకా: ప్రభువుల సభలో ఆల్ఫ్ డబ్స్ పని

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, రాజనీతి శాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లేబర్ పార్టీ సభ్యుడు ఆల్ఫ్ డబ్స్ చేసిన పని గురించి మాట్లాడాలని ఇవాళ మీ ముందుకు వచ్చాను. అక్కడి పార్లమెంటు ప్రతి సభ్యుడి పేరు మీదా ఒక చిట్టా నిర్వహిస్తుంది. సభలో ఆయన చేసిన ప్రసంగాలు, మధ్యలో లేచి అడిగిన ప్రశ్నలు, వేసిన ఓట్లు, లిఖితపూర్వకంగా అడిగినవి, వాటికి మంత్రులిచ్చిన జవాబులు అన్నీ తేదీల వరుసలో అందులో ఉంటాయి. కావలసినవారు ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. మన దగ్గర కూడా ఎన్నికలు దగ్గర పడేసరికి ఎంపీల హాజరు శాతం ఎంత, ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎన్ని చర్చల్లో పాల్గొన్నారు అంటూ పత్రికలు పట్టికలు వేస్తాయి. ఆ పట్టికల వల్ల ఉపయోగం లేదని నేననను. కాని ఎగువ సభ సభ్యుడి విషయంలో లెక్కలు చెప్పేది చాలా తక్కువ. ఆయన ప్రతిపాదించిన ఒక్క సవరణను పట్టుకుని, అది ఎక్కడ మొదలైంది, ఎన్ని చోట్ల దెబ్బతింది, చివరికి చట్టంలో ఏ రూపంలో మిగిలింది, ఆ మిగిలిన దానివల్ల ఎవరికి ఏం దక్కింది అని చివరిదాకా వెంట నడిస్తే, వంద ప్రసంగాల లెక్క చెప్పలేనిది మనకు తెలుస్తుంది. డబ్స్ చిట్టాలో 2016 సంవత్సరపు పేజీలు అలా చదవవలసినవని నా నమ్మకం.

ముందు ఆ రికార్డు గురించి రెండు మాటలు. దాన్ని హాన్సార్డ్ అంటారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో పార్లమెంటు చర్చలను అచ్చువేసిన థామస్ కర్సన్ హాన్సార్డ్ అనే ముద్రాపకుడి ఇంటిపేరే ఆ గ్రంథానికి స్థిరపడిపోయింది. 1909 నుంచి పార్లమెంటే సొంత ఉద్యోగులతో దాన్ని రాయిస్తోంది. సభ్యుడు మాట్లాడింది మాట్లాడినట్టే ఉంటుంది గాని, తడబాట్లను, ఒకే మాటను రెండుసార్లు అనడాన్ని లేఖకులు సరిచేస్తారు. అర్థాన్ని మార్చే మాటను గాని, వాదనకు పనికొచ్చే మాటను గాని తీసివేయడానికి మాత్రం వీల్లేదు. అందుచేత ఆ పేజీల్లో మనకు వినిపించేది కాస్త శుభ్రపడిన గొంతే అయినా, ఆ మనిషి గొంతే.

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే 2016 నాటి మాటల బరువు అందదు. ఆల్ఫ్ డబ్స్ 1932 డిసెంబరులో ప్రాగ్ నగరంలో పుట్టారు. తండ్రి యూదుడు. 1939 మార్చిలో హిట్లర్ సైన్యం ప్రాగ్‌లోకి వచ్చిన వెంటనే తండ్రి లండన్‌కు వెళ్లిపోయారు. తల్లికి దేశం విడిచే అనుమతి దొరకలేదు. ఆ వేసవిలో ఆరేళ్ల ఆల్ఫ్‌ను ఆమె ఒంటరిగా పిల్లల రైలెక్కించింది. వీపున కట్టిన చిన్న సంచిలో తినడానికి పెట్టి పంపింది. రెండు రోజుల ప్రయాణంలో ఆ సంచిని తాను ముట్టుకోలేదని డబ్స్ తర్వాతి కాలంలో చాలాసార్లు చెప్పారు. రైలు హాలండ్ సరిహద్దు దాటగానే పెద్ద పిల్లలు సంతోషంతో కేకలు వేశారనీ, నాజీల చేతి నుంచి బయటపడ్డామని వాళ్లకు అర్థమైందనీ, తనకు మాత్రం ఏమీ తెలియలేదనీ కూడా చెప్పారు. లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్లో తండ్రి ఎదురొచ్చారు. తల్లి కూడా యుద్ధం మొదలవడానికి ముందు రోజున, అంటే ఆగస్టు 31న, చేరుకోగలిగింది. తండ్రి మాత్రం ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు.

ఆ రైళ్లను ఏర్పాటు చేయించినవారిలో ముఖ్యుడు నికోలస్ వింటన్ అనే యువ స్టాక్ బ్రోకర్. చెకోస్లోవేకియా నుంచి ఆయన చొరవతో బయటపడిన పిల్లలు 669 మంది. సెప్టెంబరు 1న బయలుదేరవలసిన చివరి రైలు, 250 మంది పిల్లలున్నది, యుద్ధం వచ్చిపడడంతో కదలనే లేదు. జర్మనీ, ఆస్ట్రియాలతో కలిపి చూస్తే యుద్ధానికి ముందు అలా బ్రిటన్ చేరిన పిల్లలు సుమారు 10,000 మంది. వింటన్ ఈ సంగతి దాదాపు యాభై ఏళ్లు బయటకు చెప్పుకోలేదు. 1988లో టెలివిజన్ కార్యక్రమం ద్వారా అది లోకానికి తెలిసింది. తనను కాపాడిందెవరో డబ్స్‌కు కూడా అప్పటివరకూ తెలియదు. వింటన్ 106 ఏళ్లు బతికి 2015 జూలై 1న కన్నుమూశారు. నేను చెప్పబోయే సవరణ ఆ తర్వాత తొమ్మిది నెలలు తిరగకముందే సభలో నెగ్గింది.

ఈలోగా డబ్స్ రాజకీయ జీవితాన్ని త్వరగా దాటేస్తాను. 1979లో లండన్‌లోని బాటర్‌సీ సౌత్ నుంచి, 1983లో బాటర్‌సీ నుంచి దిగువ సభకు ఎన్నికయ్యారు. 1987లో ఓడిపోయారు. ఆ తర్వాత ఏడేళ్లు శరణార్థుల మండలి అనే స్వచ్ఛంద సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. 1994లో జీవితకాల సభ్యుడిగా ఎగువ సభకు వచ్చారు. 1997 నుంచి 1999 వరకు, అంటే అక్కడి శాంతి ఒప్పందమైన గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరిన కాలంలో, ఉత్తర ఐర్లండ్ శాఖలో సహాయ మంత్రిగా ఉన్నారు. చిట్టాలో ఆ రెండేళ్ల పేజీలు మిగతావాటికన్నా మందంగా ఉంటాయి. మంత్రిగా ఉన్నవాడు ప్రతి ప్రశ్నకూ లేచి జవాబివ్వాలి గనుక మాటల లెక్క సహజంగానే పెరుగుతుంది. లెక్కలు ఎందుకు మోసం చేస్తాయో చెప్పడానికి ఇదొక్కటి చాలు. అక్కడ ఆయన చదివినవి ప్రభుత్వం మాటలు. 2016లో ఆయన మాట్లాడినవి తన మాటలు.

ఇక ఆ సభ సంగతి. అది ఎన్నికైన సభ కాదు. 1958 చట్టం తర్వాత జీవితకాల సభ్యుల నియామకం మొదలైంది, 1999 చట్టంతో వంశపారంపర్యంగా కూర్చునేవాళ్లలో 92 మంది తప్ప మిగతావాళ్లు వెళ్లిపోయారు. ఎవరి ఓటూ లేకుండా వచ్చినవారికి ఎన్నికైన సభ నిర్ణయాన్ని తిరగగొట్టే నైతిక హక్కు ఉండదని ఆ సభ్యులే ఒప్పుకుంటారు. 1911, 1949 పార్లమెంటు చట్టాలు వారి అధికారాన్ని కత్తిరించి, బిల్లును కొంతకాలం ఆపగలిగే శక్తిని మాత్రం మిగిల్చాయి. అయినా బిల్లును క్లాజు క్లాజుగా విప్పి చూసే ఓపిక ఆ సభకు ఉంది. దిగువ సభలో సమయం చాలక చర్చకే రాని క్లాజులు ఎగువ సభలో గంటల తరబడి నలుగుతాయి.

అక్కడ ఒక సవరణ నడిచే పద్ధతి మీకు తెలిసి ఉండాలి. బిల్లు ఉద్దేశం మీద సాధారణ చర్చ జరిగే రెండో పఠనం అయ్యాక అది కమిటీ దశకు వస్తుంది. సవరణ ప్రతిపాదించిన సభ్యుడు లేచి తన వాదన చెబుతాడు, మిగతావాళ్లు మాట్లాడతారు, మంత్రి జవాబిస్తాడు. చివరి మాట మళ్లీ సవరణ పెట్టినవాడిదే. అప్పుడు ఆయన ముందు రెండు దారులు ఉంటాయి. సవరణను ఉపసంహరించుకోవచ్చు, లేదా సభ అభిప్రాయాన్ని పరీక్షించదలిచానని చెప్పి ఓటింగు కోరవచ్చు. కమిటీ దశలో చాలా సవరణలు ఉపసంహరణతోనే ముగుస్తాయి. చిట్టాలో వరుసగా "ఉపసంహరించుకున్నారు" అని కనబడితే కొత్తగా చదివేవారికి ఈయన పని ఏమీ సాగలేదు కాబోలు అనిపిస్తుంది. నిజానికి ఆ దశలో ఆయన చేసేది మంత్రి నోటి నుంచి ప్రభుత్వ వాదనను బయటికి లాగడం. ఆ వాదన రికార్డులోకి ఎక్కాక, దాని లోపాలు చూసుకుని, తర్వాతిదైన రిపోర్టు దశలో అదే సవరణను మెరుగుపరచి మళ్లీ తెస్తారు. అసలు ఓటింగు అక్కడ జరుగుతుంది. అనుకూలురు ఒక లాబీలోకి, ప్రతికూలురు మరో లాబీలోకి నడిచి వెళ్లి పేర్లు నమోదు చేయించుకుంటారు.

ఇప్పుడు 2016కు వద్దాం. అంతకు ముందు సంవత్సరం సిరియా, అఫ్గానిస్తాన్, ఎరిట్రియా వంటి చోట్ల నుంచి లక్షల మంది యూరప్ చేరారు. వాళ్లలో తల్లీ తండ్రీ ఎవరూ వెంట లేని పిల్లలు వేలల్లో ఉన్నారు. 2015లో అలా వచ్చిన పిల్లలు 26,000 మంది ఉంటారని, వారిలో బ్రిటన్ న్యాయంగా తీసుకోవలసిన వాటా 3,000 అని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ లెక్క కట్టింది. యూరప్ చేరి నమోదైన తర్వాత కనీసం 10,000 మంది పిల్లల ఆచూకీ లేకుండా పోయిందని యూరోపియన్ పోలీసు సంస్థ యూరోపోల్ 2016 జనవరిలో ప్రకటించింది. వాళ్లందరూ దుర్మార్గుల చేతుల్లో పడ్డారని కాదు, కొందరు బంధువులను చేరుకుని ఉండవచ్చు. కాని ఏ పిల్లవాడు ఎక్కడున్నాడో చెప్పగలిగినవారు లేరు.

ఆ సమయానికి వలసల బిల్లు ప్రభువుల సభలో ఉంది. డబ్స్ తన సవరణను అందులో చేర్చాలని చూశారు. అది చాలా సాదాగా ఉంది. యూరప్‌లోని ఇతర దేశాల్లో ఉన్న, తోడు లేని శరణార్థి పిల్లల్లో 3,000 మందిని బ్రిటన్‌కు తెచ్చి ఆదుకునే ఏర్పాటును హోం మంత్రి తప్పనిసరిగా చేయాలి. అంతే. ఈ సంఖ్య సిరియా చుట్టుపక్కల దేశాల్లోని శిబిరాల నుంచి 20,000 మంది సిరియన్లను తెస్తామని అప్పటికే ప్రభుత్వం చెప్పిన పథకానికి అదనంగా ఉండాలి.

ప్రభుత్వ వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. యూరప్‌లోకి అడుగుపెట్టిన పిల్లలను తీసుకుంటే, ముందు పిల్లవాణ్ణి పంపితే వాడి వెనకే మనమూ వెళ్లవచ్చని తల్లిదండ్రులు ఆశపడతారని, దొంగరవాణా ముఠాల వ్యాపారం పెరుగుతుందని, మధ్యధరా సముద్రంలో మరిన్ని ప్రాణాలు పోతాయని వారన్నారు. యుద్ధ ప్రాంతానికి దగ్గరున్న శిబిరాల నుంచి నేరుగా తేవడమే సురక్షితమని అన్నారు. డబ్స్ పక్షం జవాబు ఏమిటంటే, ఈ పిల్లలు ఇప్పటికే వచ్చేశారు, ఫ్రాన్స్ తీరపట్టణం కాలేలో, గ్రీసులో, ఇటలీలో చలిలో పడుకుంటున్నారు, వాళ్లను అక్కడే ఉంచడం వల్ల రాబోయేవాళ్లు ఆగరు. నా దృష్టిలో ఈ జవాబే బలమైనది. కాని ఎదుటివాదన చెప్పినవాళ్లందరూ దయలేనివాళ్లని అనుకుంటే ఆ చర్చ మనకు అర్థం కాదు.

2016 మార్చి 21న రిపోర్టు దశలో ఓటింగు జరిగింది. సవరణకు అనుకూలంగా 306, వ్యతిరేకంగా 204. ప్రభుత్వం 102 ఓట్ల తేడాతో ఓడింది. ఆ సవరణను నెగ్గించింది డబ్స్ సొంత కథ అని చాలామంది రాశారు. కథ సహాయపడిందనడంలో సందేహం లేదు. ఆరేళ్లప్పుడు రైలెక్కి వచ్చిన మనిషి 83వ ఏట అదే దేశపు సభలో నిలబడి మరికొందరు పిల్లల కోసం అడుగుతుంటే ఎవరు కదలరు? కాని కథలతోనే 306 ఓట్లు రావు. ఏడేళ్లు శరణార్థుల మండలిని నడిపి, హోం శాఖ తీరుతెన్నులు, స్థానిక సంస్థల ఇబ్బందులు లోపలి నుంచి తెలుసుకున్న అనుభవం, రెండు దశాబ్దాలు అదే సభలో కూర్చుని ఇతర పార్టీలవారితో, ఏ పార్టీకీ చెందనివారితో కలిపి సవరణ రాసే నేర్పు, ఆ ఓట్ల వెనుక ఉన్నాయి.

ఏప్రిల్ 21న ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల నుంచి ప్రమాదంలో ఉన్న పిల్లలను, వారి కుటుంబ సభ్యులను కలిపి 3,000 మంది దాకా తెస్తామన్నది. సంఖ్య అదే, ప్రాంతం వేరు. యూరప్‌లో ఉన్న పిల్లవాడికి దానివల్ల ఏమీ రాదు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 25న, దిగువ సభ డబ్స్ సవరణను 294–276 ఓట్లతో తోసిపుచ్చింది. తేడా 18 ఓట్లు మాత్రమే.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆ సంఖ్య కథంతా దీని మీదే తిరిగింది. ప్రజల డబ్బు ఖర్చు చేసే విషయంలో చివరి మాట ఎన్నికైన సభదే అన్నది బ్రిటన్ సంప్రదాయం. మన రాజ్యాంగంలో ద్రవ్య బిల్లుల మీద రాజ్యసభకు సిఫారసు చేసే హక్కే తప్ప తిరస్కరించే హక్కు లేకపోవడానికి మూలం కూడా ఆ సంప్రదాయమే. 3,000 మంది పిల్లలను తేవాలంటే ఖర్చు అవుతుంది. కాబట్టి ఈ సవరణ తమ ఆర్థిక హక్కులోకి చొరబడుతోందని దిగువ సభ కారణం చూపించింది. ఆ కారణం చూపిన తర్వాత ఎగువ సభ అదే సవరణను అదే రూపంలో తిప్పి పంపడం మర్యాద కాదు. మరి ఏం చేయాలి? ఊరుకోవాలి, లేదా ఖర్చును నేరుగా నిర్ణయించని విధంగా సవరణను తిరగరాయాలి.

డబ్స్ రెండోదారి పట్టారు. ఒక్క రోజులో, ఏప్రిల్ 26 నాటికి, కొత్త సవరణ సిద్ధమైంది. 3,000 అన్న సంఖ్య తీసేశారు. దాని స్థానంలో "నిర్దేశించిన సంఖ్యలో" పిల్లలను తేవాలని, ఆ సంఖ్యను స్థానిక సంస్థలను సంప్రదించి ప్రభుత్వమే నిర్ణయించాలని పెట్టారు. "తప్పనిసరిగా చేయాలి" అన్న బాధ్యత అలాగే ఉంది. "వీలైనంత త్వరగా" అన్నది కూడా ఉంది. ప్రభువుల సభ దీన్ని 279–172 ఓట్లతో ఆమోదించింది. ఆధిక్యం 107, అంటే మొదటిసారి కన్నా ఎక్కువ. మే 4న ప్రధాని డేవిడ్ కామెరాన్ ఈ సవరణకు ఇక అడ్డు చెప్పబోమని పార్లమెంటులోనే ప్రకటించారు. మే 12న బిల్లు చట్టమైంది. 2016 వలసల చట్టం 67వ సెక్షన్ అదే.

ఆ సెక్షన్ అరపేజీ కూడా ఉండదు. నేను దాన్ని ఎన్నిసార్లు చదివినా నా కళ్లు ఆగేది ఆ ఖాళీ దగ్గరే. సంఖ్య ఉండవలసిన చోట సంఖ్య లేదు. దాన్ని వదులుకోకపోతే సెక్షన్ పుట్టేదే కాదు. వదులుకున్నందువల్ల ఎందరు పిల్లలన్నది, ఆ సవరణను మొదట్నుంచీ వద్దన్న ప్రభుత్వం చేతిలోకి వెళ్లింది. ఎగువ సభ సభ్యుడికి ఇంతకన్నా కష్టమైన నిర్ణయం ఉండదనుకుంటాను. ఆయన సరిగ్గానే చేశారన్నది నా అభిప్రాయం, ఎందుకో ఆ తర్వాత జరిగిన దాన్ని బట్టి చెబుతాను.

చట్టం వచ్చాక నెలలు గడిచాయి. అక్టోబరులో కాలేలోని శిబిరాన్ని ఫ్రాన్స్ కూల్చివేసింది. అప్పుడు కొందరు పిల్లలు వచ్చారు. 2017 ఫిబ్రవరి 8న ప్రభుత్వం సంఖ్యను ప్రకటించింది. అప్పటికి వచ్చిన సుమారు 200 మంది, ఇంకా రాబోయే 150 మంది, మొత్తం 350. స్థానిక సంస్థలు అంతకు మించి స్థలం లేదన్నాయని కారణం చెప్పింది. ఏప్రిల్‌లో మరో ప్రకటన వచ్చింది. ఇంగ్లండ్ నైరుతి ప్రాంతం ఇచ్చిన 130 చోట్లు కార్యాలయంలో జరిగిన పొరపాటు వల్ల లెక్కలోకి రాలేదని, కనుక సంఖ్య 480 అని సరిచేశారు. మీరు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఎక్కడో ఒక పట్టికలో ఒక వరుస జారిపోతే 130 మంది పిల్లలు దేశం వెలుపల ఉండిపోయేవారు. సభల్లో జరిగిన ఓటింగుల గురించి గంటల తరబడి చదువుకునే మనం, చట్టం గుమాస్తా బల్ల మీదికి చేరాక ఏమవుతుందో కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

హెల్ప్ రెఫ్యూజీస్ అనే స్వచ్ఛంద సంస్థ సంఖ్య నిర్ణయించిన తీరును కోర్టులో సవాలు చేసింది. 480 అన్న సంఖ్యను కోర్టులు మార్చలేదు. అయితే తిరస్కరించిన పిల్లలకు సరైన కారణాలు చెప్పకపోవడం న్యాయం కాదని 2018 అక్టోబరులో అప్పీలు కోర్టు తేల్చింది. సెక్షన్లో సంఖ్య లేకపోయినా "తప్పనిసరిగా" అన్న బాధ్యత ఉండబట్టే ఆ వ్యాజ్యం నిలబడగలిగింది. డబ్స్ ఏప్రిల్ 26న సంఖ్యను వదిలి బాధ్యతను పట్టుకోవడం సరైనదని నేనన్నది ఇందుకే. మంత్రి సభలో ఇచ్చే హామీని పట్టుకుని ఎవరూ కోర్టుకు వెళ్లలేరు. చట్టంలో ఉన్న బాధ్యతను పట్టుకుని వెళ్లవచ్చు. ఆ సెక్షన్ కింద వచ్చి, శరణార్థి హోదా దక్కనివారి కోసం 2018లో ఐదేళ్ల నివాస అనుమతి ఒకటి కొత్తగా పెట్టారు. దాని పేరే "సెక్షన్ 67 అనుమతి". ఐదేళ్లు ముగిశాక శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2020లో 480వ బిడ్డ కూడా చేరడంతో పథకం ముగిసిందని ప్రభుత్వం ప్రకటించింది.

3,000 అడిగితే 480. ఆరోవంతు కూడా లేదు. దీన్ని విజయం అనాలా, ఓటమి అనాలా అని కొందరు విద్యార్థులు నన్ను అడిగారు. ఆ 480 మందిలో ఎవరికీ ఈ ప్రశ్న రాదు. వెలుపల ఉండిపోయిన 2,520 మందికి ఎవరూ జవాబు చెప్పలేదు. రెండూ నిజమే, ఒకదాన్ని చూపి మరోదాన్ని కప్పిపెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆ చిట్టాలో ఇంకొక పేజీ చూపిస్తాను. అది శరణార్థుల విషయం కాదు. 2004 డిసెంబరులో డబ్స్ రాచరిక వారసత్వంపై ఒక సొంత బిల్లు ప్రవేశపెట్టారు. సింహాసనానికి కూతురి కన్నా కొడుక్కి ముందు హక్కు ఉండే పద్ధతిని తీసేయాలని, కేథలిక్కును పెళ్లాడినవారు వారసత్వం కోల్పోయే నిషేధాన్ని ఎత్తివేయాలని దాని ఉద్దేశం. 2005 జనవరిలో రెండో పఠనం జరిగింది. ప్రభుత్వం మద్దతు ఇవ్వలేదు. ఆయన ఉపసంహరించుకున్నారు. చిట్టాలో అక్కడితో అయిపోయింది. కాని 2013లో పార్లమెంటు చేసిన రాచరిక వారసత్వ చట్టం ఆ రెండు పనులనూ చేసింది. డబ్స్ వల్లే అది వచ్చిందని నేను చెప్పను. బ్రిటన్ రాజునో రాణినో తమ దేశాధినేతగా ఉంచుకున్న కామన్వెల్త్ దేశాల ప్రభుత్వాలన్నీ ఒప్పుకోవడం వంటి పెద్ద కారణాలు ఉన్నాయి. ఐతే 2005లో ఉపసంహరించుకున్న బిల్లు మీద జరిగిన చర్చ అప్పటికే రికార్డులో ఉంది. ఏ అభ్యంతరాలు వస్తాయో, వాటికి జవాబులేమిటో వెదకనక్కర్లేకుండా సిద్ధంగా ఉన్నాయి.

ఇక యూరప్ నుంచి బ్రిటన్ విడిపోయే చట్టాల కాలం. యూరోపియన్ యూనియన్ నియమాల కింద ఒక సభ్య దేశంలో ఒంటరిగా ఉన్న పిల్లవాడు మరో సభ్య దేశంలో ఉన్న బంధువును చేరే వీలుండేది. విడిపోతే అది పోతుంది. ఆ వీలు కొనసాగేలా యూనియన్‌తో ఒప్పందం కోసం ప్రయత్నించడం ప్రభుత్వం బాధ్యత అని 2018 చట్టంలో డబ్స్ ఒక సెక్షన్ పెట్టించగలిగారు. 2019 డిసెంబరు ఎన్నికల్లో పెద్ద ఆధిక్యంతో తిరిగి వచ్చిన ప్రభుత్వం, ఆ బాధ్యతను తీసేసి దాని స్థానంలో తమ విధానం ఏమిటో పార్లమెంటుకు ఒక ప్రకటన ఇస్తే చాలన్న నిబంధనను కొత్త బిల్లులో పెట్టింది. 2020 జనవరి 21న డబ్స్ ఆ పాత బాధ్యతను తిరిగి పెట్టించే సవరణను 300–220 ఓట్లతో నెగ్గించారు. మర్నాడే, జనవరి 22న, దిగువ సభ దాన్ని కొట్టివేసింది. ఈసారి 18 ఓట్ల తేడా కాదు, స్పష్టమైన ఆధిక్యం. ప్రభువుల సభ తలవంచింది. జనవరి 23న బిల్లు చట్టమైంది.

తెలుగువారికి ఆ తేదీ వేరే కారణంతో గుర్తుండాలి. అదే జనవరి 22న ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలో రాజధాని బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపాలన్న నిర్ణయం జరిగింది. జనవరి 27న శాసనసభ మండలిని రద్దు చేయాలని తీర్మానించింది, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఆ మండలి 1985లో ఒకసారి రద్దయి 2007లో తిరిగొచ్చినదన్నది మీకు తెలిసిందే. ఆ బిల్లుల మంచిచెడ్డల జోలికి నేను వెళ్లను, అది ఇవాళ్టి విషయం కాదు. ఒకే వారంలో రెండు దేశాల్లో ఎగువ సభ "ఆగండి" అన్నప్పుడు ఎన్నికైన సభలు ఏం చేశాయో పక్కపక్కన పెట్టి చూడమని మాత్రం కోరుతున్నాను. లండన్‌లో దిగువ సభ సవరణను ఓడించి తన పని తాను చేసుకుపోయింది. ఎగువ సభ ఉండాలా వద్దా అన్న చర్చ అక్కడ వందేళ్లుగా నడుస్తోంది, కాని ఒక సవరణ వచ్చిన వారంలో ఎవరూ దాన్ని ఎత్తలేదు. ఈ తేడా మీద మీలో ఎవరైనా పరిశోధన చేస్తే చదవాలని నాకు ఆశ.

డబ్స్ 2020 అక్టోబరులో మరో వలసల బిల్లు మీద, పిల్లలను బంధువులతో కలిపే అదే కోరికను మళ్లీ తెచ్చారు. ప్రభువుల సభ మళ్లీ ఒప్పుకుంది, దిగువ సభ మళ్లీ కొట్టేసింది. అప్పటికి ఆయనకు 88 ఏళ్లు నిండబోతున్నాయి. ఆ పేజీల్లో విసుగు కనబడుతుందేమోనని వెదికాను. కనబడలేదు. వాదన ప్రతిసారీ కొంచెం మారుతుంది, సవరణలోని మాటలు మారుతాయి, అడిగేది మాత్రం అదే ఉంటుంది.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. 2016 మార్చి 21, ఏప్రిల్ 26 తేదీల ప్రభువుల సభ చర్చలను తెరవండి. డబ్స్ సవరణ మీద జరిగిన భాగం మాత్రమే చదివితే చాలు. రెండు సవరణల పాఠాన్ని ఒక కాగితం మీద పైన, కింద రాసుకుని, ఏది తీసేశారో, ఏది ఉంచారో గీత గీయండి. ఆ తర్వాత 67వ సెక్షన్ తెరిచి చూడండి. వచ్చే వారం మీ కాగితాలు తెస్తే మాట్లాడుకుందాం. ఇప్పుడు ఎవరికైనా ప్రశ్నలుంటే అడగవచ్చు. నమస్కారం.